డబ్బా చెప్పిన పొద్దు

గంగాధరం భుజాన నిచ్చెన పెట్టుకుని వేలం షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మస్తానమ్మ తన పందిరి గుంజలు తనే పీకుతా ఉంది. గుంజ ఒక పట్టాన రాలేదు. రెండు చేతులా పట్టి అటూ ఇటూ ఊపింది. దాన్ని నాలుగు తిట్లు తిట్టి మళ్ళీ ఊపింది. పందిరి మీద ఆరేసిన సావడాయి చేపలు ఎండకు తళతళమంటా ఊగినాయి.

"ఏందక్కా ఇది?" అన్నాడు గంగాధరం.

"కనపడలా? ఊరేగింపు పోతా ఉండా," అనింది మస్తానమ్మ. "మీ నెట్టు వైరుకు నా చేపలు బరువైనాయంట. పొద్దున్నే నెట్టు పొయ్యేది నా పందిరి లాగబట్టేనంట. వాకాడు నెట్టు ఆఫీసులో కూచుని మీ నరేంద్రబాబు ఫోన్లో చెప్పినాడు, ఈడ ఊరి పెద్ద గదా, మా రంగనాయకులు బావ తీర్పు చెప్పినాడు. ఉప్పుకయ్యల అవతలికి పొమ్మన్నాడు."

గంగాధరం తలెత్తి చూసినాడు. స్తంభానికి పందిరి తాడు కట్టిన మాట నిజమే. కానీ వైరు ఆ తాడుకు నిలువెత్తు పైన పోతా ఉంది. వాన గాలికి కూడా తాడు పోయి దాన్ని తాకదు. ఆ వైరు లాగిందే గంగాధరం. ఆ సంగతి నరేంద్రబాబుకు చెప్పాలి, రంగనాయకులుకు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఆయన నోరు ఎప్పుడూ అంతే. భార్య కూడా పెళ్ళయిన కొత్తలో మూగోడేమో అనుకునిందంట.

"ఉప్పుకయ్యల అవతల బురద గదక్కా," అన్నాడు చివరికి.

"బురదా, కుక్కలూ, గద్దలూ. వేలంలో మిగిలిన చేప ఈడ కొని ఈడనే చీల్చి, ఉప్పేసి, ఈడనే ఆరేస్తే అది చేప. అంతదూరం మోసుకుపోయేసరికి మెత్తబడి పులుసుక్కూడా పనికిరాదు. ఆ మాట చెప్తే మా బావ ఏమన్నాడో తెలుసునా? తీర్పు తీర్పే అన్నాడు. తినేటప్పుడు మటుకు నా సావడాయే కావాల ఆయనకి."

ఆ ఇసకదిబ్బల్లోకి సెల్లు సిగ్నలు సరిగ్గా రాదు. అందుకని పాళెం జనమంతా కలిసి షెడ్డుకు వైరు నెట్టు పెట్టించుకున్నారు. పడవలు ఒడ్డుకు రాగానే ఆడవాళ్ళు ఫోన్లో మద్రాసు ధర చూసుకుంటారు. ధర తెలిసిన మనిషి గంపను తక్కువకు వదలదు. సరిగ్గా ఆ పూటే నెట్టు పోతే కొనేవాళ్ళు చెప్పిందే ధర. పాళెం మండిపడతా ఉండిందంటే పడదా మరి.

వెనకాల స్కూటరు ఇసకలో కూరుకుపోయిన చప్పుడైంది. సుభాషిణి దిగి, బండిని అక్కడే వదిలేసి, సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చింది. కోవూరు పిల్ల. నరేంద్రబాబు ఆఫీసులో కొత్తగా చేరింది. చదువుకున్నది ఈ పనే. చెప్పులు చేత్తో పట్టుకుని, సగం పీకిన పందిరిని చూసింది, మస్తానమ్మ మొహం చూసింది.

"ఆగండి పెద్దమ్మా. నాలుగు రోజులు ఆగండి. అసలేం జరుగుతుందో చూడకుండా పీకేస్తే ఎట్టా?"

"చూసేదెవరమ్మణ్ణీ? నువ్వు ఈడ కాపురముంటావా?"

"నేను కాదు. డబ్బా చూస్తది."

షెడ్డు లోపల గోడకు ఒక ఇనప పెట్టె ఉంది. అందులో ఆ డబ్బా. టిఫిను డబ్బా అంత ఉంటుంది, ముందుపక్క పచ్చ దీపాలు మిణుకుమంటా ఉంటాయి. వాకాడు నుంచి వచ్చిన వైరు దాంట్లోకి పోతుంది, దాంట్లో నుంచి పాళెం ఇండ్లకు పోతుంది. సుభాషిణి చేపల ట్రే బోర్లించి దాని మీద కూచుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, నీలం వైరు ఒక కొస డబ్బాకు, ఒక కొస లాప్‌టాప్‌కు గుచ్చింది. పక్క నుంచి పడే ఎండకు గంగాధరం గొడుగు అడ్డం పట్టుకున్నాడు.

"దీనికి అన్నీ తెలుసు బాబాయ్," అనింది ఆ పిల్ల, టకటకా కొడతా. "వైరు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, తను ఎప్పుడు పడుకునింది, ఎప్పుడు లేచింది. కాకపోతే చెప్పమని ఎవురూ అడగలా. ఇంకో తిక్క ఏందంటే, కరెంటు పోతే అంతా మర్చిపోతది. అందుకని ఎప్పటి మాట అప్పుడే మన ఆఫీసు కంప్యూటరుకు పంపమని చెప్తా ఉండా. ఆఫీసులో ఉండే డబ్బాకు కూడా చెప్పినా. వైరుకు ఆ కొసన అది, ఈ కొసన ఇది. ఇద్దురూ చెప్తారు."

గంగాధరం తలూపినాడు. కాసేపటికి అడిగినాడు. "ఎంత చెప్తది?"

సుభాషిణి చేతులు ఆపి ఆయన వైపు చూసి నవ్వింది. "మంచి మాట అడిగినావు. ఎనిమిది మెట్లు ఉంటాయి. పై మెట్టు పెడితే కొంప మునిగితేనే నోరు తెరుస్తది. అడుగు మెట్టు పెడితే ఈగ వాలినా చెప్తది. ఏదీ తప్పిపోకుండా అడుగు మెట్టు పెడతా ఉండా."

మస్తానమ్మ గుంజ వదిలేసి వచ్చి, ముక్కు మీద వేలేసుకుని తొంగి చూసింది. "ఇంత చెప్పేది నా పక్కనే ఉంటే, నా మీద పడినారే ఈ మగోళ్ళు," అనింది.

మర్నాడు ఆఫీసులో నరేంద్రబాబు తల పట్టుకున్నాడు. కంప్యూటరు తెర మీద గీతలు గీతలుగా మాటలు పైకి పోతానే ఉన్నాయి. ఎవరో ఫోను తెరిచినారు, ఎవరో మూసినారు, ఎవరి టీవీయో మేలుకుంది.

"ఏందమ్మా ఇది, మా మేనత్త వచ్చి కూచున్నట్టుంది," అన్నాడు. "దీంట్లో మనకు కావాల్సింది యాడ ఉండాది?"

"పొరపాటైంది సార్, మెట్టు మారుస్తా," అని సుభాషిణి మళ్ళీ కూచుంది. కొట్టేది పైకే చెప్పుకుంటా కొట్టింది, పక్కన నిలబడిన గంగాధరం కోసం. "ఎవురి ఫోను వచ్చినా పోయినా నీకెందుకు. వైరు పోతే చెప్పు. కొత్తగా లేస్తే చెప్పు. ఇంక గమ్మునుండు."

తెర గమ్మునైంది. చానాసేపటికి ఒక్క గీత వచ్చి మళ్ళీ ఊరుకుంది. గంగాధరానికి ఆ డబ్బా మీద అభిమానం పుట్టింది. పని ఉంటే మాట, లేకుంటే లేదు.

ఆ మర్నాడు పొద్దు పొడవకముందే ఆయన పాళెంలో ఉన్నాడు. ఒక ఇంటికి కొత్త వైరు వెయ్యాల. ముందు పడవల సంగతి చూద్దామని ఒడ్డుకు పోయినాడు. ఊరంతా నీళ్ళ దగ్గర నిలబడి ఉంది, గంపలూ, బుట్టలూ, పిల్లకాయలూ. మస్తానమ్మ మోకాటిలోతు నీళ్ళల్లో నిలబడి, రాబోయే పడవలో ఏం పడిందో ఇక్కడి నుంచే అరిచి అడుగుతా ఉంది. షెడ్డు మీద ఫోకస్ లైటు వెలిగింది. పడవలు దాన్నే గురి పెట్టుకుని అలల మీదుగా వచ్చినాయి. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ చేతుల్లో ఫోన్లు నిలిచిపోయినాయి.

"పొయ్యె, మళ్ళీ పొయ్యె," అనింది ఎవరో. గంగాధరం కూడా తన ఫోను తీసి చూసినాడు. చక్రం తిరగతా ఉంది. మొదటి గంపలు తక్కువకే పోయినాయి. చివరి గంపల పొద్దుకు నెట్టు దానంతట అదే వచ్చింది.

పని ముగించుకుని ఆఫీసుకు పోయేసరికి నరేంద్రబాబు హుషారుగా ఉన్నాడు.

"దొరికింది గంగాధరం! వైరు కాదంట. డబ్బా కొత్తగా లేచినానని చెప్పింది. వైరు తెగితే అది మెలకువగానే ఉంటది గదా. కొత్తగా లేచిందంటే ఎవురో ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టినట్టు. సబ్‌స్టేషన్‌ను కూడా అడిగినా, ఊళ్ళో కరెంటు పోలా. ఎప్పుడనుకున్నావు? రాత్రి పదకొండున్నరకు. మొన్న రాత్రీ అదే, నిన్న రాత్రీ అదే."

"పందిరి తప్పు లేనట్టే గదా సార్?" అనింది సుభాషిణి.

"పందిరిది లేదు, మనిషిది ఉండాది. రాత్రిపూట షెడ్డులో చేపలకు కాపలా పడుకునేది ఎవురు?"

ఆ పడుకునేది ఎవరో అందరికీ తెలుసు.

"ఫోను ఛార్జింగు పెట్టుకునేదానికి పీకుంటది ఆ మస్తానమ్మ. రంగనాయకులుకు చెప్పేసినా. రేపు పొద్దున వేలానికి ముందే ఊరందరి ముందర చెప్తాడంట, ఇంక ఆమె షెడ్డు నీడన కూడా కనపడగూడదని."

గంగాధరం గొంతు సవరించుకున్నాడు. "పొద్దున పొయ్యింది సార్. నేను ఆడనే ఉండినా."

"పొద్దున ఒక్క గీత కూడా లేదబ్బా, చూడు. నీ ఫోనుకే ఏదో అయ్యుంటది. జనం పది రకాలుగా చెప్తారు. డబ్బాకు ఎవురి మీదా పగ లేదు, అది అబద్ధం చెప్పదు."

వైరు అయినా మస్తానమ్మ, కరెంటు అయినా మస్తానమ్మ. గంగాధరం బయటికి వచ్చి అరుగు మీద కూచున్నాడు. బీడీ తీసినాడు, వెలిగించలేదు. షెడ్డు నీడన కనపడగూడదంటే వేలంలో గంప కొనేదానికి లేదు. ఇంక ఆ మనిషి చేసేదేముంది, పోయి ఏ రొయ్యల గుంట మీదో కూలికి వంగడమే. పోనీ డబ్బా అబద్ధం చెప్పిందా? దానికేం పని. కానీ ఆయన కండ్లు కూడా అబద్ధం చెప్పలేదు. రెండూ నిజమే అయితే మధ్యలో ఏదో తేడా ఉండాల.

నరేంద్రబాబు అన్నానికి పోయినాడు. గంగాధరం లోపలికి వచ్చి సుభాషిణి కుర్చీ పక్కన నిలబడినాడు. నిలబడినాడు, నిలబడినాడు. ఆ పిల్లే తలెత్తింది.

"చెప్పు బాబాయ్."

"అమ్మణ్ణీ, ఈ డబ్బాకు పొద్దు ఎవురు చెప్పినారు?"

"అంటే?"

"టైము. ఇప్పుడెంతయిందో దానికి ఎట్టా తెలుసు? గోడన గడియారం లేదు గదా దానికి."

"నెట్టులోనే అడిగి తెలుసుకుంటది. నేనే పెట్టినా గదా," అనింది సుభాషిణి. అని, వేళ్ళు కీబోర్డు మీద ఆపేసింది. గోడ గడియారం చూసింది. మిట్టమధ్యాహ్నం. "బాబాయ్, ఆ మూల ఖాళీ వైరు ఉండాది గదా, మన ఆఫీసు డబ్బాకు గుచ్చి పీకు."

గంగాధరం గుచ్చినాడు, పీకినాడు. తెర మీద ఒక గీత వచ్చింది. సుభాషిణి దాన్ని చదివి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏమంటాంది?"

"ఇప్పుడు పొద్దున్నే ఆరున్నర అంటాంది. మిట్టమధ్యాహ్నం మనం పీకితే, ఇంకా ఇడ్లీ పొద్దే అంటాంది." చేతులు తీసింది. నవ్వుతా ఉందో ఏడుస్తా ఉందో ఆ పిల్లకే తెలియాల. "తప్పు నాది బాబాయ్. టైము అడగమన్నా, ఇంగ్లండు టైము తెచ్చుకునింది. మనం యాడ ఉండామో చెప్పడం మర్చిపోయినా. ఐదున్నర గంటలు వెనకబడి ఉండాది. రాత్రి పదకొండున్నర కాదది. తెల్లారి ఐదు."

"పడవలొచ్చే పొద్దు."

"పడవలొచ్చే పొద్దే."

గంగాధరం అప్పుడు బీడీ వెలిగించినాడు. ఆఫీసులో వెలిగించగూడదని రాసి ఉంది. సుభాషిణి చూసి కూడా ఏమీ అనలేదు. రెండు డబ్బాలకూ మన దేశం టైము చెప్పింది. మళ్ళీ వైరు గుచ్చి పీకమనింది. ఈసారి డబ్బా మిట్టమధ్యాహ్నమే అనింది.

నరేంద్రబాబు తాంబూలం నములుతా తిరిగి వచ్చినాడు. సుభాషిణి లేచి నిలబడి, తప్పు నాది సార్ అని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆయన వినడమైతే విన్నాడు, ఒప్పుకోను మనసు రాలేదు. "సరే, తెల్లారి ఐదే అనుకో. అప్పుడు మాత్రం ఆమె పీకలేదని ఏముంది?"

"ఆ పొద్దుకు అక్క నీళ్ళల్లో ఉంటది," అన్నాడు గంగాధరం. "నేను చూసినా."

ఒక్కరోజులో గంగాధరం ఇన్ని మాటలు ఆడడం నరేంద్రబాబు ఎప్పుడూ వినలేదు. నమలడం ఆపినాడు. "అయితే రేపు నేనే వస్తా. కండ్లారా చూస్తా," అన్నాడు.

తెల్లవారుజామున ముగ్గురూ షెడ్డు వెనక ఐసు పెట్టెల చాటున నిలబడినారు. నరేంద్రబాబు బూట్ల నిండా ఇసక. ఒక బూటు విప్పి దులుపుకుంటా, ఒంటి కాలి మీద కొంగ మాదిరి ఉన్నాడు. ఊరంతా నీళ్ళ దగ్గర ఉంది, అందరి వీపులూ ఇటు, మొహాలు సముద్రం వైపు. మస్తానమ్మ గొంతు అక్కడి నుంచి ఇక్కడికి స్పష్టంగా వినపడతా ఉంది.

షెడ్డులోకి మనిషి వచ్చినాడు. చెప్పులు గడప బయట విడిచినాడు. తలగుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాడు. సముద్రం వైపు తిరిగి దండం పెట్టినాడు. ఇనప పెట్టె పక్కకు వచ్చి డబ్బా ప్లగ్గు పీకినాడు. అక్కడుండే బోర్డుకు ప్లగ్గు పెట్టే బొక్క ఒకటే. ఇంకో వైరు ప్లగ్గు తీసి, పంచె కొసతో తుడిచి, అందులో పెట్టినాడు. పచ్చ దీపాలు ఆరిపోయినాయి. షెడ్డు పైన ఫోకస్ లైటు భగ్గుమని వెలిగింది. దూరాన చీకట్లో ఒక పడవ టార్చి ఆడించింది, చూసినామన్నట్టు.

అది రంగనాయకులు. ఊరి పెద్ద, వేలం పాడేది కూడా ఆయనే. పడవలకు దారిదీపం పెట్టే హక్కు వాళ్ళ ఇంటిది. ఆయన నాయన లాంతరు కట్టినాడు, తాత దివిటీ కట్టినాడు. ఈయన లైటు వేస్తాడు. ఆ పూట ఆ పని ఇంకో చెయ్యి చెయ్యదు, ఇంకో కన్ను అటు చూడదు.

నరేంద్రబాబు ఒక బూటుతోనే ముందుకు వచ్చినాడు.

"ఏం బాబూ, ఇంత పొద్దున్నే చేపలకొచ్చినావా?" అన్నాడు రంగనాయకులు సంతోషంగా.

"పెద్దాయనా, నెట్టు డబ్బా పీకేది నువ్వా?"

"నేను పీకేదేంది? లైటు వేసినా."

"లైటు వేసేదానికి డబ్బా పీకినావు గదా ఇప్పుడు."

"దీపం పెట్టేకాడ కుండ ఉంటే కుండ జరుపుతాం, బుట్ట ఉంటే బుట్ట జరుపుతాం. అది పీకడం ఎట్టా అవుతది?" అన్నాడు రంగనాయకులు. "చివరి పడవ ఒడ్డెక్కినాక మళ్ళీ దానిది దానికి పెట్టేస్తా ఉండా గదా. రోజూ పెడతా ఉండా. ఎవురి సొమ్మూ ఉంచుకోలా."

రంగనాయకులు ఆరిన పచ్చ దీపాల వైపు చూసినాడు, చేతిలో ఉన్న ప్లగ్గు చూసినాడు, బయట సగం పీకిన పందిరి వైపు చూసినాడు. ఆయన మొహం కొంచెం కొంచెంగా మారింది. ప్లగ్గును మెల్లిగా, పసిబిడ్డను దించినట్టు, పెట్టె మీద దించినాడు.

"అయితే నెట్టు పొయ్యేది..."

"నీ దీపంతోనే," అన్నాడు గంగాధరం.

పడవలు వచ్చినాయి. గంపలు షెడ్డులో దించినారు. జనం గుండ్రంగా నిలబడినారు. తీర్పు ఉందని అందరికీ తెలుసు. మస్తానమ్మ గంప సంకన పెట్టుకుని, తడి చీరతో, అందరికంటే ముందర వచ్చి నిలబడింది. ఏమన్నా అననీ, ఎదురుగా నిలబడే వింటానన్నట్టు.

ఆ పాళెంలో తీర్పు తప్పయితే చెప్పిన నోరే తిరగ చెప్పాల, అదీ ఊరున్నచోట. రంగనాయకులు వేలం దిమ్మె ఎక్కినాడు. ఆయనకు తెలిసిన మాట వేలంపాట ఒక్కటే. దాన్నే ఎత్తుకున్నాడు.

"ఇయ్యాల మొదటి సరుకు చేప కాదు. తప్పు. నాది. రోజూ నెట్టు డబ్బా పీకింది నేను, లైటు కోసం. మస్తానమ్మ మీద వేసింది కూడా నేనే. తాజా సరుకు, ఇప్పుడే ఒడ్డెక్కింది. ఎవురు పాడతారు?"

ఒక గడియ ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనాక షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వినారు.

"బరువెంత ఉంటది పెద్దాయనా?" అన్నాడు కొనేవాళ్ళలో ఉన్న మాల్యాద్రి.

"నిన్నటిదాకా ఈకంత అనుకున్నా. ఇప్పుడు మొయ్యలేకపోతా ఉండా."

"తూకం సరిగ్గా వెయ్యి బావా," అనింది మస్తానమ్మ. "దాంట్లో సగం ఆ నరేంద్రబాబుది. ఆ స్తంభం చాటున ఉండాడు చూడు, ఒంటి బూటుతో."

నరేంద్రబాబు చాటు నుంచి రాక తప్పలేదు. "నాదే, సగం నాదే," అన్నాడు. "రేపే రెండు బొక్కల బోర్డు పంపిస్తా."

"రేపు ఎందుకు? ఇయ్యాల పంపు."

"ఇయ్యాలే."

సుభాషిణి చెయ్యి ఎత్తింది, బడిలో ఎత్తినట్టు. "నాది కూడా ఉంది పెద్దాయనా. గడియారం సరిచెయ్యలా నేను."

"మూడు చేతుల సరుకు!" అని అరిచినాడు రంగనాయకులు. గొంతు కుదిరింది ఆయనకు. "రండి, రండి, పాడండి!"

"ఊరికే ఇచ్చినా మాకొద్దు," అన్నారు వెనక నుంచి.

"నేను పాడతా," అనింది మస్తానమ్మ. "ఒక గంప నెత్తళ్ళు."

నవ్వులు సద్దుమణిగినాయి. రంగనాయకులు వంగి ఆమె మొహంలోకి చూసినాడు. "నీకెందుకు మస్తానమ్మా అది?"

"ఉప్పేసి నా పందిట్లో ఎండబెట్టుకుంటా. ఇంకోసారి నువ్వు తీర్పు చెప్పేటప్పుడు వాసన వస్తది."

ఈసారి రంగనాయకులే ముందు నవ్వినాడు. నవ్వుతానే కండ్లు తుడుచుకున్నాడు.

"పందిరి యాడ వేస్తావు?"

"యాడుండేదో ఆడనే. పీకిన గుంజలు నువ్వే పాతిపెట్టాల."

"పాతతా." చెయ్యి పైకెత్తినాడు. "ఒక గంప నెత్తళ్ళు, ఒకటోసారి. ఒక గంప నెత్తళ్ళు, రెండోసారి..."

ఆ తరువాతి మాట ఆయనకు రాలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. జనం ఎదురు చూసినారు. మస్తానమ్మ కూడా గంప కింద పెట్టి ఎదురు చూసింది.

"మూడోసారి," అన్నాడు గంగాధరం.

గట్టిగానే అన్నాడు. ఊరంతా తిరిగి ఎవరా అని చూసింది.